గుండె జబ్బు ఫైలు చదివి ముందున్న రిస్కును అంచనా వేసుకోవడం ఎలా?

ఇంట్లో ఒకరికి హార్ట్ ఎటాక్ వచ్చి, స్టెంట్ వేసి, డిశ్చార్జ్ చేసి పంపాక చేతిలో ఒక లావుపాటి ఫైలు మిగులుతుంది. అందులో ఒకచోట ‘ఈఎఫ్ 30 శాతం, సివియర్ ఎల్వీ డిస్‌ఫంక్షన్’ అని ఉంటుంది. పంపింగ్ ముప్పయ్యేనట అన్న కబురు సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరిపోతుంది. ఆ ముప్పయ్యిని నూటికి వచ్చిన మార్కుల్లా చదివి బెంబేలెత్తేవాళ్ళే ఎక్కువ. నిజానికి వంద ఎవరికీ ఉండదు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా తన ఎడమ కింది గదిలో (ఎల్వీ) నిండిన రక్తంలో కొట్టుకున్న ప్రతిసారీ 55 నుంచి 70 శాతమే బయటికి తోస్తుంది. ఆ శాతమే ఈఎఫ్.

ఆ ఫైలు మీ నాన్నగారిదనుకోండి. వయసు 62, షుగరు, బీపీ ఉన్నాయి. గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్ళే ఎల్‌ఏడీ మూసుకుపోతే స్టెంట్ వేశారు. రెండో రోజు తీసిన ఎకోలో ఈఎఫ్ 30. ఇక్కడి నుంచి ఏ కాగితం ఎలా చదవాలో, దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో వరసగా చూద్దాం. ఇదంతా మందులు మీరే మార్చేయడానికి కాదు. డాక్టరుగారు మీకిచ్చే ఆ కాసేపట్లో అడగాల్సింది అడగడానికి.

1. ముందు ప్రశ్నను విడగొట్టండి

‘నాన్నకు ఇక ఎలా ఉంటుంది?’ అన్నదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. గుండె బలహీనపడి ఆయాసం, కాళ్ళ వాపులతో మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరాల్సి వస్తుందా? రిథమ్ ఒక్కసారిగా చెడిపోయి మనిషి ఉన్నచోటే కూలిపోయే ప్రమాదం ఉందా? గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు వెళ్ళి పక్షవాతం వస్తుందా? బోరు మోటారు పాతబడి నీళ్ళు తక్కువ పోయడం వేరు, స్టార్టరులో కరెంటు కొట్టుకుని మోటారు ఆగిపోవడం వేరు. రెండూ ఒకే మోటారుకు రావచ్చు, కానీ రిపేరు ఒకటి కాదు.

ఫైలులో ఏ అంకె కనిపించినా ఇది ఈ మూడింటిలో దేనికి జవాబు అని అడగండి. గ్రేస్ స్కోరు అని రాసి ఉంటే అది ఎటాక్‌తో చేరినప్పటి పరిస్థితికి లెక్క. వయసు, నాడి, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఈసీజీ మార్పుల్లాంటివి చూసి ఆ గండం ఎంత పెద్దదో చెబుతుంది. మూడేళ్ళ తర్వాత రిథమ్ ఎలా ఉంటుందో దానికి తెలియదు.

2. ఈఎఫ్ పక్కన తేదీ రాయండి

తేదీ లేని ఈఎఫ్‌ను నమ్మొద్దు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే.

ఎటాక్ తర్వాత గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోతుంది, మరికొంత దెబ్బతిని మొద్దుబారి ఉంటుంది. రెండో రోజు ఎకోలో రెండూ కదలకుండానే కనిపిస్తాయి. మొద్దుబారిన భాగం కొన్ని వారాల్లో తేరుకోవచ్చు. అందుకే ఐసీడీ, అంటే రిథమ్ చెడితే లోపలి నుంచే షాక్ ఇచ్చే పరికరం, పెట్టాలా వద్దా అన్నది రెండో రోజు ఈఎఫ్ చూసి తేల్చరు. ఎటాక్ జరిగి కనీసం 40 రోజులు గడవాలి. స్టెంట్ వేసినా, బైపాస్ చేసినా, మందులు సరైన మోతాదులో వాడుతూ మూడు నెలలు ఆగి మళ్ళీ ఎకో తీయడం మామూలు పద్ధతి. అప్పటికీ 35 లేదా అంతకన్నా తక్కువ ఉండి, నడిస్తే ఆయాసం వస్తుంటే ఐసీడీ మాట వస్తుంది. ఆయాసం ఏమీ లేకపోయినా 30 లేదా అంతకన్నా తక్కువ ఉంటే అప్పుడూ వస్తుంది.

తొందరపడితే ఏం పోయింది అనుకోవచ్చు. 2004లో వచ్చిన డైనమిట్ అధ్యయనంలో ఎటాక్ జరిగిన 6 నుంచి 40 రోజుల మధ్య ఐసీడీ పెట్టి చూశారు. రిథమ్ చెడి పోయినవాళ్ళు తగ్గారు, ఇతర గుండె కారణాలతో పోయినవాళ్ళు పెరిగారు, మొత్తం మరణాలు తగ్గలేదు. చిక్కేమిటంటే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఆ మొదటి నెలలోనే. 2005లో వాలియంట్ అధ్యయనం లెక్కలు చూస్తే, ఎటాక్ తర్వాత గుండె బలహీనపడినవాళ్ళలో మొదటి 30 రోజుల్లో నూటికి ఒకరికి పైగా హఠాత్తుగా పోవడమో, గుండె ఆగిపోతే బతికించాల్సి రావడమో జరిగింది. తర్వాత ఆ ప్రమాదం నెలనెలా బాగా తగ్గింది. కాబట్టి ఈ రోజుల్లో చేయగలిగింది మూడే. మందు ఒక్క పూట కూడా మానకపోవడం, రివ్యూ తప్పకపోవడం, ఇంట్లో కనీసం ఇద్దరు సీపీఆర్ నేర్చుకోవడం. మనిషి కూలిపోయి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

ఇంకో మాట. ఒక ల్యాబులో 32 అని, వారం తిరక్కుండా ఇంకో ల్యాబులో 37 అని వస్తే పంపింగ్ పెరిగిందని స్వీట్లు పంచక్కర్లేదు. 37 తర్వాత 32 వస్తే కుంగిపోవాల్సిన పనీ లేదు. ఎకోలో ఐదు పాయింట్ల తేడా చూసే మనిషిని బట్టి, మెషిన్‌ను బట్టి వచ్చేస్తుంది. కొందరు కంటి అంచనాతో రాస్తారు, కొందరు అంచులు గీసి కొలుస్తారు. వీలైతే ప్రతిసారీ ఒకేచోట తీయించండి.

3. ఈసీజీ పైన అచ్చయిన అంకెలు చూడండి

ఈసీజీ కాగితం పైభాగంలో మెషిన్ కొన్ని అంకెలు అచ్చు వేస్తుంది. వాటిలో రెండు చాలు.

మొదటిది క్యూఆర్ఎస్ వెడల్పు, అంటే గుండె కింది గదుల్లో కరెంటు పాకడానికి పట్టే సమయం. 120 మిల్లీసెకన్ల లోపుంటే మామూలు. 150, ఆపైన ఉండి పక్కన ‘ఎల్‌బీబీబీ’ అని రాసి ఉంటే గుండె ఎడమ గది గోడలన్నీ ఒకేసారి కాకుండా ముందూ వెనకా కదులుతున్నాయన్నమాట. ఈఎఫ్ 35 లేదా అంతకన్నా తక్కువ ఉన్న అలాంటివాళ్ళకు సీఆర్‌టీ అనే ప్రత్యేక పేస్‌మేకర్ ఎక్కువగా పనిచేస్తుంది. గోడలన్నీ ఒకేసారి కదిలేలా చేస్తుంది, పంపింగ్ మెరుగుపడొచ్చు. నాన్నగారి క్యూఆర్ఎస్ 98 అనుకోండి. ఆయనకు ఆ ప్రశ్నే లేదు.

రెండోది క్యూటీసీ, అంటే ఒక్కో దెబ్బకు కింది గదుల్లో కరెంటు పుట్టి మళ్ళీ సర్దుకోవడానికి పట్టే సమయం. మగవాళ్ళలో 450, ఆడవాళ్ళలో 460 దాటితే ఎక్కువ కిందే లెక్క. 500 దాటితే ప్రమాదకరమైన రిథమ్ పుట్టే అవకాశం గట్టిగా ఉంటుంది. క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉన్నవాళ్ళలో క్యూటీసీ ఊరికే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి ఆ లెక్క డాక్టరుకే వదిలేయండి. మీరు కనిపెట్టాల్సింది మందుల్ని. గ్యాస్ అని రోజూ వేసుకునే క్యాప్సూల్స్ చాలావాటిలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. జలుబు, దగ్గని ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే అజిత్రోమైసిన్ ఇస్తారు, వాంతులకు ఆన్‌డన్‌సెట్రాన్. మూడూ క్యూటీని పెంచేవే. విరేచనాలై పొటాషియం పడిపోయి ఉన్న రోజున ఇవి రెండు కలిస్తే బలహీనమైన గుండెకు మంచిది కాదు. షీటు వెనక ఉన్న పేర్లు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఎవరు మందు రాసినా ఆ ఫోటో, ఈసీజీ ముందు చూపించండి.

4. ‘కళ్ళు తిరిగాయి’ అంటే ఎలాగో అడగండి

ఏ మెషిన్ కన్నా ఎక్కువ చెప్పేది ఇదే. మనవాళ్ళు మాత్రం ‘ఏదో తూలింది లే’ అని దాటేస్తారు. అందుకని విడమర్చి అడగాలి. ఆయన్ని ఒక్కరినే కాదు, ఆ సమయంలో పక్కనున్న అమ్మనూ అడగాలి.

మంచం మీంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్మి, కూర్చుంటే తగ్గిపోయిందంటే చాలావరకు బీపీ తగ్గడం. గుండె మందులు కొత్తగా మొదలైనవాళ్ళలో మామూలే, మోతాదు సర్దుతారు. గుడిలో క్యూలో చాలాసేపు నిలబడి, ఒళ్ళు చెమటలు పట్టి, వికారంగా ఉండి మెల్లగా ఒరిగిపోయారంటే అది కూడా తరచుగా ప్రాణం మీదికి తెచ్చేది కాదు. అలాగని డాక్టరుకు చెప్పకుండా ఉండొద్దు.

మెట్లెక్కుతుండగానో, వేగంగా నడుస్తుండగానో, పడుకుని ఉండగానో ఏ సూచనా లేకుండా టక్కున స్పృహ తప్పి, అర నిమిషంలో ఏమీ ఎరగనట్టు లేచారంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ముఖం దెబ్బలు ఆనవాలు. సూచన ఉన్నవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుంటారు, లేనివాళ్ళు ముఖం మీద పడతారు. ఈఎఫ్ తక్కువున్న మనిషికి ఇలా జరిగితే 40 రోజులు, మూడు నెలలు అన్న లెక్కలు పక్కకుపోతాయి.

దడ గురించి అడిగేటప్పుడు చేత్తో టేబుల్ మీద కొట్టి చూపించమనండి. మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పినట్టా, లయ లేకుండా గందరగోళంగానా, ఒకే లయలో చాలా వేగంగానా? మొదటిది ఎక్‌టోపిక్ బీట్, అంటే వేళకు ముందే వచ్చిన విడి దెబ్బ, కావచ్చు. రెండోది ఏఎఫ్ కావచ్చు, దాని సంగతి ఆరో మెట్టులో చూద్దాం. మూడోదాన్ని తక్కువ చేయకూడదు. ఆ దడ వచ్చినప్పుడే ఈసీజీ దొరికితే సగం పని అయినట్టే. ఏ చిన్న క్లినిక్‌లో తీసినా పరవాలేదు.

అన్నదమ్ముల్లో, మేనమామల్లో ఎవరైనా 50 లోపు నిద్రలోనో, పొలంలోనో ఉన్నట్టుండి పోయారా? ‘పెద్దగా ఏ జబ్బూ లేదు, రాత్రి పడుకున్నాడు, పొద్దున లేవలేదు’ అన్న కథ చాలా ఇళ్ళలో ఉంటుంది. అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతి.

5. హోల్టర్ రిపోర్టులో శాతం లెక్కగట్టండి

హోల్టర్ అంటే 24 గంటలు ఛాతీకి అంటించి పంపే ఈసీజీ. రిపోర్టులో ‘వీపీసీలు 4,920’ అని చూసి కంగారుపడతారు. వీపీసీలంటే కింది గదుల నుంచి వేళకు ముందే వచ్చే ఎక్‌టోపిక్ బీట్స్. మొత్తం బీట్స్ ఎన్నో కూడా అక్కడే ఉంటుంది. నాన్నగారివి 98,400 అనుకోండి. లెక్కవేస్తే 5 శాతం. రోజుకు లక్ష సార్లు కొట్టుకునే గుండెలో వందల్లో తేడా బీట్స్ చాలామందికి ఉంటాయి. పది శాతం దాటితే మాత్రం, ఆ బీట్స్ వల్లే పంపింగ్ తగ్గుతోందా అన్నది చూస్తారు.

‘ఎన్‌ఎస్‌వీటీ’ అన్న మాట ఉందేమో వెతకండి. కింది గదుల నుంచి మూడు లేదా అంతకన్నా ఎక్కువ బీట్స్ వరసగా వేగంగా వచ్చి, 30 సెకన్లలోపు వాటంతటవే ఆగిపోవడం. ఎన్నిసార్లు, ఎంత పొడవు, ఎంత వేగం అన్నవి రాసుకోండి. ఈఎఫ్ తగ్గిన గుండెలో ఇది కనబడితే అంచనా మారుతుంది, మరిన్ని పరీక్షలకు పంపవచ్చు.

ఇక్కడ చాలామంది అడిగేది, ఆ బీట్స్ తగ్గించే మాత్ర వేస్తే రిస్కు పోతుంది కదా అని. 1980ల చివర్లో అమెరికాలో సరిగ్గా ఇలాగే అనుకున్నారు. ఎటాక్ వచ్చినవాళ్ళలో ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ ఇచ్చి ఎక్‌టోపిక్ బీట్స్ అణిచేశారు. హోల్టర్ శుభ్రంగా వచ్చింది. కానీ మందు వేసుకున్నవాళ్ళే ఎక్కువగా చనిపోతున్నారని తేలి 1989లో ఆ భాగం ఆపేశారు. కాస్ట్ అధ్యయనం అంటారు దాన్ని. గుండె డాక్టర్లకు ఇప్పటికీ అది పెద్ద పాఠం. అందుకే మీ డాక్టరు వీపీసీలు చూసి కూడా గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రే కొనసాగించి ఊరుకుంటే, పట్టించుకోలేదనుకోవద్దు.

6. ఏఎఫ్ ఉంటే గడ్డ లెక్క విడిగా వేయండి

ఏఎఫ్ అంటే పై గదులు లయ తప్పి వణకడం. దీంతో పక్షవాతం రిస్కు ఎంతో చెప్పేది చాడ్స్-వాస్క్ స్కోరు. మీరే వేసుకోవచ్చు. హార్ట్ ఫెయిల్యూర్‌కు లేదా పంపింగ్ బాగా తగ్గినందుకు 1, బీపీకి 1, షుగరుకు 1, ఎటాక్ లేదా రక్తనాళాల జబ్బుకు 1, వయసు 65 నుంచి 74 అయితే 1, 75 దాటితే 2, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే 2. ఆడవాళ్ళకు ఒకటి కలిపేవారు. 2024 యూరప్ మార్గదర్శకాల్లో అది తీసేశారు. నాన్నగారికి ఏఎఫ్ ఉంటే నాలుగు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే రక్తం పలచబరిచే మందు వాడమంటారు కాబట్టి ఆయనకు అనుమానం లేదు. ఏఎఫ్ లేకపోతే ఈ స్కోరు వేసి భయపడటం దండగ. స్టెంట్ కోసం ఇచ్చిన రెండు మాత్రలు ఆ పని చేస్తాయిలే అనుకోవడం కూడా తప్పు. వాటి పని వేరు.

మన ప్రాంతంలో మరిచిపోకూడని మినహాయింపు ఒకటుంది. చిన్నప్పటి కీళ్ళ జ్వరంతో మైట్రల్ వాల్వ్ సన్నబడి ఏఎఫ్ వచ్చినవాళ్ళకు స్కోరుతో పనిలేదు, పలచబరిచే మందు వాడాల్సిందే. అదీ వార్ఫరిన్ లేదా ఎసినోకుమరాల్. 2022లో ఇన్‌విక్టస్ అధ్యయనంలో ఇలాంటివాళ్ళకు కొత్త మందు రివరాక్సబాన్ కన్నా పాత రకమే మేలని తేలింది. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె రెండుకూ మూడుకూ మధ్య ఉంచుకోవాలి. పరీక్షలు లేని కొత్త మందుకు మార్పించుకుందామన్న ఆశ ఉంటే ముందు ఎకోలో వాల్వ్ సంగతి చూడండి.

7. రక్తపరీక్షల్లో పొటాషియం, క్రియాటినిన్

పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళలో 4 దగ్గర నుంచి 5 లోపు ఉంచడానికి చూస్తారు. నీరు పోయే మాత్రలు ఫ్రూసమైడ్, టోర్సమైడ్ దాన్ని కిందికి లాగుతాయి. స్పిరనోలాక్టోన్, రామిప్రిల్ లాంటివి పైకి తీసుకెళ్తాయి. ఎటు వెళ్ళినా రిథమ్‌కు చేటు.

నీరసంగా ఉందని రోజూ కొబ్బరి బొండం కొట్టిస్తారు మనవాళ్ళు. అందులో పొటాషియం బాగా ఉంటుంది. స్పిరనోలాక్టోన్ వాడుతూ, క్రియాటినిన్ కూడా ఎక్కువున్న మనిషికి అది మంచిది కాదు. బీపీకి మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పులోనూ సోడియం బదులు ఉండేది పొటాషియమే. వీటి గురించి డాక్టర్లు అడగరు, మీరే చెప్పాలి.

ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ గుండె మీద ఒత్తిడి చెప్పే పరీక్ష. ఇంట్లో నిలకడగా ఉన్నవాళ్ళలో 125 లోపు మామూలు. ఏఎఫ్, కిడ్నీ సమస్య, వయసు పెంచుతాయి. లావుగా ఉంటే తక్కువ చూపిస్తుంది. ఒక్క అంకె కన్నా డిశ్చార్జ్ నాటి దానికీ ఇప్పటిదానికీ తేడా చూడండి. డబ్బు ఖర్చు లేని పరీక్ష కావాలంటే పొద్దున్నే బాత్రూమ్‌కు వెళ్ళొచ్చాక బరువు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం రాకముందే ఫోన్ చేయండి.

8. ఆన్‌లైన్ స్కోరులో వచ్చిన శాతాన్ని మనుషుల్లోకి మార్చండి

హార్ట్ ఫెయిల్యూర్‌కు మ్యాజిక్ స్కోరు అని ఒకటుంది. వయసు, ఈఎఫ్, బీపీ, క్రియాటినిన్, మందులు వేస్తే ఏడాదిలో, మూడేళ్ళలో చనిపోయే రిస్కు శాతం చెబుతుంది. ఉదాహరణకు అది ఏడాదికి 10 శాతం అందనుకోండి. నాన్నగారిలాంటి వందమందిలో పదిమందికి అలా జరగవచ్చు, తొంభైమందికి జరగదు. ఆయన ఏ గుంపులో ఉన్నారో స్కోరుకు తెలియదు. పైగా ఇలాంటి లెక్కలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల రోగుల మీద కట్టినవి. మనవాళ్ళకు మొదటి ఎటాక్ తొందరగా వస్తుంది. ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళ సగటు వయసు 53, మిగతా దేశాల్లో దాదాపు 59. నేనైతే స్కోరును జాతకంలా కాక, మందు మార్చకముందు, మార్చాక పోల్చుకోవడానికి వాడమంటాను.

ఐసీడీ లాభాన్ని కూడా ఇలాగే చూడండి. 2002లో మాడిట్-2 అధ్యయనంలో ఎటాక్ తర్వాత ఈఎఫ్ 30 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళను తీసుకున్నారు. సగటున 20 నెలల్లో ఐసీడీ లేని వందమందిలో సుమారు 20 మంది పోయారు, ఉన్న వందమందిలో 14 మంది. అంటే ఆ కాలంలో ఆ పరికరం వల్ల బతికినవాళ్ళు వందకు దాదాపు ఆరుగురు. ఎనభైమంది అది లేకుండానే ఉండేవారు. పద్నాలుగుమందిని అది కూడా కాపాడలేదు. ఆరుగురంటే తక్కువేం కాదు, కానీ ‘పెట్టించకపోతే అయిపోతారు’ అనడమూ సరికాదు. ఇప్పుడు వాడే మందుల్లో కొన్ని అప్పటికి లేవు కూడా. ఎటాక్ వల్ల కాకుండా కండరమే చెడి పంపింగ్ తగ్గినవాళ్ళలో లాభం ఇంకా తక్కువని 2016లో డానిష్ అధ్యయనం చూపించింది. అందులోనూ వయసు తక్కువున్నవాళ్ళకు ఉపయోగం కనిపించింది.

9. గోడ మందం పెరిగిన గుండెకు ఈ దారి కాదు

ఎకోలో ‘హెచ్‌సీఎం’ అని ఉంటే పైన చెప్పిన ఈఎఫ్ లెక్కలు మూసేయండి. గోడ మందంగా పెరిగే ఈ జబ్బులో ఈఎఫ్ 65 ఉన్నా రిథమ్ చెడవచ్చు. దీనికి వేరే లెక్క ఉంది. వయసు, గోడ మందం, ఎడమ పైగది సైజు, రక్తం బయటికి వెళ్ళే దారిలో ఒత్తిడి, ఇంట్లో హఠాన్మరణం, ఎన్‌ఎస్‌వీటీ, కారణం తెలియని స్పృహ తప్పడం. వీటితో ఐదేళ్ళ రిస్కు వస్తుంది. 6 శాతం దాటితే ఐసీడీ ఆలోచిస్తారు, 4 లోపైతే సాధారణంగా వద్దంటారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా ఈసీజీ, ఎకో తీయించుకోవాలి. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో ఒక చిన్న ముక్క లోపించడం మన దేశంలో దాదాపు నూటికి నలుగురిలో ఉందని 2009లో వచ్చిన పరిశోధన చెప్పింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అందులో ఉన్నారు. ఆ మార్పు ఉన్న అందరికీ జబ్బు రాదు. వచ్చే అవకాశం పెరుగుతుంది.

10. పెట్టించాలా వద్దా అన్న రోజు

మూడు నెలల ఎకోలో నాన్నగారి ఈఎఫ్ 42 వచ్చిందనుకోండి. స్పృహ తప్పడం లేదు, హోల్టర్‌లో ఎన్‌ఎస్‌వీటీ లేదు. ఐసీడీ మాట ఆగిపోతుంది. మందులు ఆగవు. పంపింగ్ పెరిగిందని మందులు మానేసినవాళ్ళకు అది మళ్ళీ పడిపోవచ్చు. రిస్కు తగ్గింది, పోలేదు. హఠాత్తుగా పోయేవాళ్ళలో ఎక్కువమంది ఈఎఫ్ 35 పైన ఉన్నవాళ్ళే, ఎందుకంటే అలాంటివాళ్ళ సంఖ్యే ఎక్కువ.

33 దగ్గరే ఉంటే ఇవి అడగండి. బలహీనమైన గుండెకు వాడే మందులు నాలుగు రకాలూ తట్టుకోగలిగిన మోతాదుకు చేరాయా? ఐసీడీయా, సీఆర్‌టీ కూడా కావాలా? బ్యాటరీ ఎన్నేళ్ళు, మార్చడానికి ఖర్చెంత? ఆరోగ్యశ్రీ ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ఈ పరికరానికి వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఐసీడీ ఆయాసం తగ్గించదు, బ్లాకులు తీయదు. అనవసరంగా షాక్ కొట్టడం, ఇన్ఫెక్షన్ రావడం లాంటి ఇబ్బందులూ ఉంటాయి. అవీ అడగండి. క్యాన్సర్‌తోనో, కిడ్నీలు పూర్తిగా పోయో మంచాన ఉన్న మనిషికి పెట్టించే ముందు, వద్దనుకునే హక్కు కూడా ఉందని ఇంట్లో మాట్లాడుకోవాలి.

పెట్టించాక ఒక షాక్ కొట్టి, మనిషి బాగానే ఉంటే ఆ రోజే క్లినిక్‌కు ఫోన్ చేసి పరికరం చెక్ చేయించండి. వెంటవెంటనే రెండు మూడు కొట్టినా, ఒకటి కొట్టాక మనిషి తేరుకోకపోయినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా ఫోన్లు తర్వాత. ముందు 108.